ఓడయే ఇల్లుగా: నీటిమునక విహారమునకు పూర్వకథ

మహదేవపురలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో సెలవులనగానే ఒకప్పుడు స్వగ్రామప్రయాణమో, తిరుపతి యాత్రయో తప్ప వేరుమాట వినబడెడిది కాదు. ఇటీవలి యేండ్లలో కంపెనీ కొలువులలోనున్న పిల్లలు కొందఱు క్రొత్తమాట నొకదానిని ఇంటికి తెచ్చుచున్నారు. వారమురోజులు నడిసముద్రమున ఓడలోనే బస. తిండియు నిద్రయు అక్కడనే. దినమునకు మూడు నాలుగు పర్యాయములు గాలిసిలిండరును వీపునకు తగిలించుకొని నీటమునిగి పగడపుదిబ్బలను చూచివచ్చుట వారి పని. అట్టి ఓడకు 'లివ్‌అబోర్డ్' అని పేరట. మనము నివాసనౌక యని పిలుచుకొందము. దీనికై మాల్దీవులకు, థాయిలాండునకు, ఎఱ్ఱసముద్రమునకు పోవువారును, మన అండమానులకే పోవువారును కలరు.

ఇంటి పెద్దలు ఇందుకు చెప్పు అభ్యంతరములు రెండు. మనది మెట్టసీమ, సముద్రముతో మనకేమి పని యనునది మొదటిది. ఇది డబ్బుచేసిన దొరల సరదా యనునది రెండవది. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. మన వాడకు చేరువనున్న జలమనగా వర్తూరు చెరువు, బెళ్ళందూరు చెరువు. అందు రెండవదానిపై 2017లో మంటలే లేచినవి గనుక, మనపిల్లలు తేటనీటిని వెదకుకొనుచు దూరదేశములకు పోవుచున్నారనిన వారిని తప్పుపట్టజాలము. కాని పెద్దల మాటలలో మొదటిది చరిత్రకు నిలువదు. రెండవదానిలో సగము నిజమున్నది. ఆ నిజమెంతయో చూపుటయే ఈ వ్యాసమునకు పని.

మన స్త్రీలు తరతరములుగా ధరించు ముత్యమును, పగడమును ముందు తలచుకొందము. రెండును సముద్రగర్భమునుండి వచ్చినవే. తామ్రపర్ణీ ముఖమునందలి కొర్కై రేవుకడ ముత్యపుగుల్లలను తీయుటకు మరణదండన పడిన నేరగాండ్రను దింపెడివారని, క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ గ్రంథము చెప్పుచున్నది. నేడు డబ్బిచ్చి చేయు పని ఆనాడు శిక్షగా ఉండెను!

వెనిసు వర్తకుడు మార్కోపోలో పదమూడవ శతాబ్ది చివర మన తూర్పుతీరమున వచ్చి, మోటుపల్లిని 'ముత్ఫిలి' యని పేర్కొని, ఆ దేశపు వజ్రములను, రాణి న్యాయపాలనమును కొనియాడెను. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి యని చరిత్రకారుల నిర్ణయము. ఆ గ్రంథముననే ఆతడు దక్షిణమున జరుగు ముత్యపు మునకను వర్ణించినాడు. వర్తకులు ఏప్రిలు ఆరంభమున పెద్దఓడలలో బయలుదేరి, సింహళమునకును ప్రధానభూమికిని నడుమనున్న ఖాతమున లంగరు దించి, మే నెల నడిమివఱకు సముద్రముమీదనే యుండెడివారు. పెద్దఓడ వారికి ఇల్లు, చిన్నపడవ పనిచోటు. కూలికి కుదిరిన మునకవాండ్రు చిన్నపడవలనుండి నాలుగు మొదలు పండ్రెండు బారల లోతునకు దిగి, ఊపిరి బిగబట్టగలిగినంతసేపు గుల్లల నేఱి, పైకి వచ్చి, మరల దిగుదురు. దొరకినదానిలో పదియవ పాలు రాజునకు చెల్లవలెను. ఇరువదియవ పాలు సొరచేపల నోరు కట్టు మంత్రగాండ్రకు చెల్లవలెను. ఆ కట్టు పగటికి మాత్రమే. చీకటిపడగానే మంత్రగాండ్రు దానిని విప్పివేయుదురట! రాత్రివేళ దొంగచాటుగా ఎవ్వరును గుల్లలకు దిగకుండుటకే ఆ యేర్పాటు. మంత్రమున నమ్మకము లేనివారు సైతము దాని పొదుపును మెచ్చుకొనవలసియున్నది.

పెద్దఓడ, చిన్నపడవ, వారములతరబడి నీటిపై కాపురము, దినమునకు పలుమారులు మునక అను ఈ అమరిక యంతయు నేటి నివాసనౌకలో మార్పులేక నిలిచియున్నది. లోతును కూడ పోల్చిచూడవచ్చును. పండ్రెండు బారలనగా సుమారు 22 మీటర్లు. నేడు మొదటి పరీక్షలో ఉత్తీర్ణుడైన స్కూబా విద్యార్థికి అనుమతించు లోతు 18 మీటర్లు. సిలిండరుతో మనవాడు దిగుదానికంటె లోతునకు, సిలిండరు లేని కూలివాడు ఏడువందల యేండ్లక్రిందటనే దిగెను.

పగడపు కథ మఱియొక తీరున నడచినది. రోమకస్త్రీలకు హిందూదేశపు ముత్యమెట్లో, హిందువులకు పగడమట్లని ప్లినీ పండితుడు వ్రాసెను. మన మంగళసూత్రములలో గుచ్చు ఎఱ్ఱపగడములలో అధికభాగము మధ్యధరాసముద్రమున పుట్టినదే. పడవవాండ్రు కొయ్యశిలువకు వలలు కట్టి సముద్రపుటడుగున ఈడ్చి దానిని సంపాదించెడివారు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో ఇటలీలోని లివోర్నో రేవునకు చెందిన యూదువర్తకులు ఆ పగడమును చెన్నపట్టణమునకు పంపి, బదులుగా గోలకొండ వజ్రములను తెప్పించుకొనిరి. చెన్నపట్టణమున నేటికిని 'కోరల్ మర్చంట్ స్ట్రీట్' అను వీధి యున్నది. కృష్ణాతీరపు గనులలో మన కూలివాడు త్రవ్వినరాయి, దూరసముద్రమున ఇంకొక కూలివాడు లాగిన పగడము, ఒకదానికొకటి మారకమైనవి.

పగడము జీవించియుండగా ఎట్లుండునో తెలుగుతీరమువారికి తెలియకపోవుటకు కారణము సులభము. గోదావరియు కృష్ణయు తెచ్చు ఒండ్రుమట్టి, మంచినీరు సముద్రమును కలతపెట్టును. దిబ్బలు కట్టు పగడపుపురుగునకు వెచ్చని, తేటయైన ఉప్పునీరు కావలయును. అందువలన మన బందరు, కాకినాడ తీరములలో పగడపుదిబ్బలు పెరుగలేదు. సముద్రమునకు మనవారు దూరులని దీనివలన తలంపరాదు. శాతవాహనుల నాణెములమీద రెండు స్తంభముల ఓడబొమ్మలు కలవు. 1244–45 నాటి మోటుపల్లి అభయశాసనములో గణపతిదేవ చక్రవర్తి, తుపానునకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులవలె తాను హరింపనని, నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొందునని విదేశవర్తకులకు మాట ఇచ్చెను. ఓడ పగిలినవాని దుఃఖము ఎఱిగిన రాజే ఆ శాసనమును వేయింపగలడు. ఇక గోదావరీముఖమునందలి కోరంగి ఓడలలో బర్మాకు పోయిన తెలుగువారు అసంఖ్యాకులు. బర్మాలో తెలుగువానికి 'కోరంగీ' యనియే పేరుపడినది. ఆ రేవును 1839 నవంబరు తుపాను నాశనము చేసినది.

సముద్రముపై ఓడ నడుపుట ఒక విద్య, సముద్రములోపల ఊపిరి తీయుట వేఱొక విద్య. ఈ రెండవదాని చరిత్రలో మన కాకినాడకు ఒక చోటున్నదని తెలిసినవారు తక్కువ. అందుచేత ఇచట కొంత నిలిచి చెప్పెదను.

నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును. లోతున పీల్చిన గాలిలోని నత్రజని ఆ ఒత్తిడికి రక్తమాంసములలో కరగిపోవును. మునిగినవాడు తొందరపడి పైకి వచ్చెనేని, సోడాబుడ్డి మూత తీసినప్పటివలె, ఆ నత్రజని బుడగలై కీళ్ళలో, వెన్నుపాములో చిక్కుకొనును. కీళ్ళనొప్పితో పోవచ్చును, పక్షవాతము రావచ్చును, ప్రాణమే పోవచ్చును. దీనిని 'బెండ్స్' అందురు. పందొమ్మిదవ శతాబ్దిలో ఇనుపటోపీ తొడిగి దిగిన పనివారు ఎందఱో దీనికి బలియైరి.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు స్కాట్లండునకు చెందిన శరీరధర్మశాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేను. బ్రిటిషు నౌకాదళము కోరగా ఆతడు ఒత్తిడిగదిలో మేకలనుంచి పరీక్షలు సలిపి, పైకి వచ్చునప్పుడు నడుమ నడుమ నిలిచి రావలెనను పద్ధతిని, ఎంతలోతున ఎంతసేపు నిలువవలెనో తెలుపు పట్టికలను 1908లో ప్రకటించెను. నేడు స్కూబావాడు ముంజేతికి కట్టుకొను గడియారమువంటి కంప్యూటరులో నడచు గణితమునకు మూలము ఆ మేకల పట్టికయే.

ఆతని కుమారుడు జె.బి.ఎస్. హాల్డేను. 1906లో స్కాట్లండుతీరమున తండ్రి మునక పరీక్షలు జరుపుచుండగా, పదమూడేండ్ల ఈ బాలుని కూడ నీట దింపిరి. దుస్తు పెద్దవారిది. వదులుగానుండి నీరు లోనికి చొరబడెను. అయినను బాలుడు దిగి వచ్చెను. 1939 జూనులో థీటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినపుడు, కారణము శోధించుటకు ఈతడు తానే ఒత్తిడిగదిలో కూర్చుండి విషవాయువులను, అధికపీడనమును తన దేహముమీద పరీక్షించుకొనెను. మూర్ఛలు వచ్చెను. వెన్నుపూసలు దెబ్బతినెను. చెవిపొరకు చిల్లుపడెను. ఆ చిల్లు మానకున్నచో చెవినుండి పొగాకుపొగ వదలి పదిమందిని నవ్వించవచ్చునని పరిహసించినవాడాతడు.

జన్యుశాస్త్రమున ప్రపంచప్రసిద్ధుడైన ఈ హాల్డేను 1957లో ఇంగ్లండును విడిచి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు వచ్చి, భారతపౌరుడై, 1962లో భువనేశ్వరమున స్థిరపడెను. పిఠాపురమువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆతనికడ పరిశోధన సలిపిన శిష్యుడు. పిమ్మట గురువు జీవితమును గ్రంథస్థము చేసినవాడును ఆతడే. 1964 డిసెంబరు 1న హాల్డేను భువనేశ్వరమున మరణించెను. ఆతని కోరిక ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించిరి. బ్రతికియుండగా నీటియొత్తిడికి, విషవాయువులకు పరీక్షాపాత్రయైన ఆ దేహము, కోరంగికి కూతవేటు దూరమున తెలుగువిద్యార్థులకు చివరి పాఠమైనది. మన బాలుడు మాల్దీవులలో అయిదు మీటర్ల లోతున మూడు నిముషములు ఊరక నిలిచి పైకి వచ్చునపుడు, ఆ నిలుపుదల వెనుక నున్న కుటుంబము ఇది.

తరువాతి కథ శీఘ్రముగ చెప్పవచ్చును. 1943లో ఫ్రాన్సు దేశస్థులైన కూస్తో, గాన్యాఁ అనువారు పీల్చినప్పుడు మాత్రమే గాలి నిచ్చు అక్వాలంగ్ యంత్రమును సిద్ధపఱచిరి. ఇనుపటోపీయు, పైనుండి గాలి పంపు గొట్టమును తొలగినవి. మనిషి చేపవలె ఈదెను. కూస్తో 1950లో కాలిప్సో అను పాత యుద్ధనౌకను సంపాదించి, అందే కాపురముండి ఎఱ్ఱసముద్రమును, హిందూమహాసముద్రమును శోధించెను. ఆతని 'నిశ్శబ్దప్రపంచము' చిత్రమునకు 1956లో కాన్ నగరపు చలనచిత్రోత్సవమున ప్రథమబహుమానము లభించెను. ఆ చిత్రమున చేపలను లెక్కించుటకై దిబ్బను మందుగుండుతో పేల్చుట, సొరచేపలను కసితో చంపుట ఉన్నవి. ఇప్పుడు చూచిన ఎవరికైనను ఒళ్ళు జలదరించును. నేర్చుకొనువారు మొదట పాడుచేసియే నేర్చుకొందురేమో!

ఆస్ట్రియాదేశీయుడైన హాన్స్ హాస్ తన భార్య లోటెతోను, కొందఱు శాస్త్రజ్ఞులతోను జారిఫా యను మూడుస్తంభముల ఓడలో 1957–58లో ఎఱ్ఱసముద్రము, మాల్దీవులు దాటి మన నికోబారు దీవులవఱకు వచ్చెను. భారతజలములలో నివాసనౌకనుండి స్కూబా మునకలు వేసిన తొలివారిలో వీరిని లెక్కింపవలెను. ఇసుకలో తోకను పాతుకొని మొక్కలవలె ఊగు తోటపాములను వారు మాల్దీవులలో గమనించిరి. వానిలో ఒకజాతికి హాస్ పేరే నిలిచినది. నికోబారు దీవులు చాలవఱకు నేటికిని యాత్రికులకు మూసియే యున్నవి. అక్కడి ఆదివాసుల క్షేమము దృష్ట్యా అది మేలని నా యభిప్రాయము.

శాస్త్రజ్ఞుల ఓడ విహారుల ఓడగా మారుటకు ఎక్కువకాలము పట్టలేదు. మాల్దీవులలో మొదటి విడిదిద్వీపము 1972లో తెరచిరి. అటుపిమ్మట ఆ దేశపు ధోనీ పడవలే యాత్రికుల నివాసనౌకలుగ రూపొందినవి. 1984లో కరీబియనునందలి కేమన్ దీవులలో, తదుపరి అనేకదేశములలో, ఇది ఒక వ్యాపారముగ నిలద్రొక్కుకొన్నది. దూరపుదిబ్బలకు ప్రతిదినము ఒడ్డునుండి పోయిరాలేరు గనుక ఓడలోనే పండుకొందురు. ముత్యపువర్తకునికిని ఇదే లెక్క.

అండమానుల మాట వేఱుగ చెప్పవలెను. మన పిల్లలు అచటికి పోయి స్వరాజ్ ద్వీపమున (2018 వఱకు హావ్‌లాక్) దిబ్బలు చూచి వత్తురు. కొందఱు ఓడలో బసచేసి బారెన్ ద్వీపమువఱకు పోవుదురు. పోర్ట్ బ్లెయిరునకు ఈశాన్యమున సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్న ఆ ద్వీపము భారతదేశమున సజీవముగనున్న ఏకైక అగ్నిపర్వతము. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిరు అది మండుచుండగా చూచెను. ఒకటిన్నర శతాబ్దికిపైగా నిద్రించి 1991లో మరల మేల్కొన్నది. ఒడ్డున దిగుటకు అనుమతి లేదు. నల్లని లావాయిసుకమీద తేటనీటిలో టేకుచేపలు తేలుచుండును. నదులు లేవు, ఒండ్రు లేదు. మన గోదావరీతీరమున లేనిది అక్కడ నున్నది.

కాని ఆ ఊరికి మనవారు విహారమునకై తొలుత పోలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను యావజ్జీవశిక్షతో ఆంగ్లప్రభుత్వము ఆ దీవులకు పంపెను. స్వాతంత్ర్యము వచ్చినపిదప 1952లో ఆతడే విశాఖపట్నమునుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. తరువాత శ్రీకాకుళ, విశాఖపట్నముల మత్స్యకారకుటుంబములు వలలతో, పిల్లలతో ఓడలెక్కి వలసపోయినవి. 2011 జనాభాలెక్కలలో ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరులో జంగ్లీఘాట్ అను పేటకు పోయినవారికి భీమిలిలోనో, కళింగపట్నములోనో ఉన్నట్లే తోచును. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో పడవలను, వలలను పోగొట్టుకొని మరల సమకూర్చుకొన్నవారు ఆ తీరపుప్రజలు. అదే భూకంపమునకు ఉత్తర అండమానులో పగడపుదిబ్బలు నీటిపైకి లేచి ఎండి చచ్చినవి. దక్షిణమున గ్రేట్ నికోబారు కొన దాదాపు నాలుగు మీటర్లు క్రుంగినది. 2010లోను, 2016లోను నీరు వేడెక్కి మిగిలిన పగడములు తెల్లబాఱినవి. ఈ మార్పులను మునకవిహారులకంటె ముందు గుర్తించువాడు వల వేయువాడే. మహదేవపురనుండి పోవు తెలుగువాడు అక్కడ పడవ సరంగుతో తన మాటలో రెండు ముక్కలు మాట్లాడినచో, గైడుపుస్తకమున లేని సంగతులు తెలియును. మనవలెనే వారును స్వరాష్ట్రము వెలుపల భాషను కాపాడుకొనుచున్నవారు గదా!

ఇప్పుడు పెద్దల రెండవ అభ్యంతరము. సరదాయే, సందేహము లేదు. ఖర్చును తక్కువ కాదు. అయితే ఈ సరదాలో ప్రాణమున్నది. 2019 సెప్టెంబరు 2 వేకువజామున కాలిఫోర్నియాతీరమున కన్సెప్షన్ అను నివాసనౌక దగ్ధమై, అడుగుఅంతస్తులో నిద్రించుచున్న 34 మంది మరణించిరి. అందు మనదేశపు యువదంపతులును కలరు. రాత్రి మేల్కొని ఓడయంతయు తిరిగి చూచు కావలివాడు లేకుండుటయే ఆ ఘోరమునకు ముఖ్యకారణముగ విచారణలో తేలినది. 2023లో కప్తానును న్యాయస్థానము దోషిగ నిర్ణయించెను. మార్కోపోలో కాలమున పెద్దఓడపై వర్తకుడు మంత్రగానికి ఇరువదియవ పాలు ఇచ్చెను. నేటి యాత్రికుడు డబ్బు కట్టుటకు పూర్వమే, రాత్రి కావలి యున్నదా, పండుకొనుచోటినుండి బయటపడుటకు రెండవదారి యున్నదా, ప్రాణవాయువు సిద్ధముగ నున్నదా యని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. పిల్లలు అడుగకున్నచో తల్లిదండ్రులే అడుగవలెను.

బెంగుళూరువారు ప్రత్యేకించి తెలిసికొనవలసినది ఇంకొకటి. వారమంతయు మునిగినవాని దేహమున నత్రజని పేరుకొనియుండును. విమానములోపలి గాలియొత్తిడి రెండువేల మీటర్ల కొండమీదివంటిది. కనుక చివరి మునకకును విమానమునకును నడుమ 18 గంటలకు తక్కువ కాకుండ ఎడముండవలెను. నివాసనౌకలవారు సాధారణముగ 24 గంటలు పాటింతురు. మురుడేశ్వరముకడ నేత్రాణి ద్వీపమున ఆదివారము మునిగి, ఆ సాయంకాలమే కారులో ఘాటురోడ్డెక్కి సోమవారపు కొలువునకు అందుకొనదలచువారికిని ఈ జాగ్రత్త తప్పదు. మన ఇల్లే కొండయెత్తున నున్నది.

అందుచేతనే నివాసనౌకలో చివరిదినము మునక యుండదు. కంప్రెసరు మ్రోత ఆగును. కళాసీలు రబ్బరుదుస్తులను మంచినీట జాడించి తాళ్ళమీద ఆరవేయుదురు. యాత్రికులు పైడెక్కుమీద కూర్చుండి, తాము చూచిన చేపల పేర్లను పుస్తకములలో వ్రాసికొనుచు, ఒంట కరగిన నత్రజని ఊపిరితో మెల్లగ వెలికిపోవువఱకు ఊరక ఎదురుచూతురు.